కెమికల్ బ్రదర్స్, ఆర్బిటల్, అండర్‌వరల్డ్: ఈ మధ్య వచ్చిన ఆల్బమ్‌లలో ముందు ఏది వినాలి?

నా ఓటు అండర్‌వరల్డ్ 'స్ట్రాబెరీ హోటల్' (2024)కే. మూడూ 90లలో పేరు తెచ్చుకున్న బ్రిటిష్ ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ బృందాలే అయినా, ఇంకా ప్రయోగాలు చేసే ఓపిక ఎక్కువగా కనిపించేది వీళ్లలోనే. అందులో 'డెన్వర్ లూనా' పాట వినండి. బృందం గాయకుడు కార్ల్ హైడ్ పాడడు, సగం మాట్లాడినట్టు, సగం జపం చేసినట్టు ఒక్కో ముక్కా వదులుతుంటాడు. కింద కిక్ డ్రమ్ ఆగదు. ఆల్బమ్ ముందుకెళ్లేకొద్దీ వేగం తగ్గి, 'ఐరన్ బోన్స్'లో అతిథి గాయని నీనా నస్టాసియా గొంతు దాకా వచ్చేసరికి ఇది క్లబ్ రికార్డేనా అనిపిస్తుంది. పాటల వరుస మార్చి షఫుల్‌లో పెట్టొద్దని వాళ్లే అడిగారు కూడా.

హాయిగా గంతులేయాలంటే కెమికల్ బ్రదర్స్ 'ఫర్ దట్ బ్యూటిఫుల్ ఫీలింగ్' (2023). 'నో రీజన్' బేస్ లైన్ మొదట్లోనే పట్టేస్తుంది. కాకపోతే కొత్తదనం తక్కువ, చేయి తిరిగిన పనే మళ్లీ నీట్‌గా చేశారు.

ఆర్బిటల్ 'ఆప్టికల్ డెల్యూజన్' (2023)లో అతిథి గాయకులు మరీ ఎక్కువై, పాటపాటకీ మూడ్ మారిపోతుంది. 'రింగ రింగ' (మన సినిమా పాట కాదు లెండి) మాత్రం వదలొద్దు: పిల్లల పాటని మిడీవల్ బేబ్స్ అనే మహిళల బృందం బృందగానంగా పాడుతుంటే వెనక రేవ్ పార్టీ బీట్ మోగుతుంది. 'డర్టీ రాట్'లో స్లీఫోర్డ్ మోడ్స్ అనే బ్రిటిష్ జోడీ కోపం కూడా బాగా పేలింది.

ఏది విన్నా ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, సగం బేస్ వినపడనే వినపడదు.