ఆఫీస్ సిస్టమ్‌కి రెండో తాళం ఎలా?

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న అకౌంట్స్ ఆఫీసండీ. ట్యాలీ ఉన్న విండోస్ ప్రో సిస్టమ్‌లోకి రాత్రిళ్ళు ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అవుతుంటా. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ అప్రూవల్ కూడా పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: పెట్టొచ్చండీ, కానీ మీలాంటి విడి సిస్టమ్‌కి విండోస్ సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ వెతక్కండి, ఉండదు, బయటి సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సిందే. డ్యుయో (Duo) అనే ఫోన్ అప్రూవల్ సాఫ్ట్‌వేర్ అయితే 10 మంది వరకు ఫ్రీ, చిన్న ఆఫీసుకి అది చాలు. వాళ్ళ సైట్‌లో అకౌంట్ తెరిస్తే రెండు కీలు, ఒక హోస్ట్‌నేమ్ (వాళ్ళ సర్వర్ అడ్రస్) ఇస్తారు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అవి అడుగుతుంది.

అక్కడే ఒక టిక్ చూసుకోండి, నెట్ లేకపోతే రెండో చెక్ వదిలేసి లోపలికి పంపేసేది, అది ముందే ఆన్‌లో ఉంటుంది. తీసేస్తే సెక్యూరిటీ గట్టిది, కానీ నెట్ పోయిన రోజు సిస్టమ్ ముందు కూర్చున్నా మీరే బయట ఉండిపోవచ్చు. మీ లాంటి చోట రిమోట్ లాగిన్‌కి మాత్రమే అడిగేలా ఇంకో టిక్ ఉంది, అది పెట్టుకుంటే మధ్యే మార్గం అని నా ఉద్దేశం. టెస్ట్ చేసేటప్పుడు అప్పటికే లాగిన్ అయి ఉన్న పాత సెషన్ మాత్రం క్లోజ్ చెయ్యకండి, కొత్త లాగిన్ కుదరకపోతే దాంట్లోంచే సరిచేసుకోవచ్చు.

అన్నట్టు రౌటర్‌లో 3389 పోర్ట్ (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచారా? తెరిస్తే ముందు అది మూసేసి వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌కి రహస్య దారి లాంటిది) పెట్టించండి. పోర్ట్ నంబర్ మారిస్తే చాలని కొందరు చెప్తారు గానీ, స్కాన్ చేసేవాళ్ళకి అదేం పెద్ద పని కాదు.