ఒకే తేదీకి రెండు దినోత్సవాలు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బడిలో ఆగస్టు 29న ఉదయం తెలుగు భాషా దినోత్సవం, సాయంత్రం జాతీయ క్రీడా దినోత్సవం జరుపుతున్నారు. ఈ రెంటినీ కావాలనే ఒక రోజున పెట్టారా? ఆ తేదీకి ఇంకేమైనా విశేషం ఉందా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: కావాలని పెట్టినవి కావు. రెండూ జయంతులే, గిడుగు వెంకట రామమూర్తి 1863లో, హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ 1905లో ఆ తేదీన పుట్టడం వల్ల కలిసివచ్చాయి.

గిడుగు మీ ప్రాంతం వారే. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సవర అనే గిరిజన భాష తెలిసినవారిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. మన్యంలో తిరుగుతుండగా పట్టుకున్న జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. జనం నోట పలికే మాటే పుస్తకంలోకి రావాలని జీవితమంతా వాదించిన మనిషికి చెవులే మొరాయించాయన్నమాట. గ్రాంథికం పట్టు సడలకపోయి ఉంటే ఈ జవాబును సైతం మీరు వేరే తెలుగులో చదువుతూ ఉండేవారు.

ధ్యాన్‌చంద్ 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లలో స్వర్ణం గెలిచిన జట్లలో ఆడారు. బెర్లిన్‌లో జర్మనీని 8-1తో ఓడించిన ఫైనల్ 1936 ఆగస్టు 15న జరిగింది; ఆ తేదీకి మన దేశంలో ప్రత్యేకత రావడానికి ఇంకా పదకొండేళ్లు ఉంది.

ఇక 1831లో ఇదే రోజున లండన్‌లో మైఖేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండు వైపులా తీగచుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ కలిపినప్పుడూ తీసినప్పుడూ రెండో చుట్ట తీగ దగ్గర ఉంచిన అయస్కాంత సూచి కదలడం గమనించారు. విద్యుదయస్కాంత ప్రేరణగా మనం చదువుకునేది ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదనే.

అయితే ఈ తేదీని కావాలనే ఎంచుకున్న సందర్భం కూడా ఒకటుంది. సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబును 1949 ఆగస్టు 29న కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్‌స్క్‌లో పరీక్షించింది. 456 పరీక్షలు చూసిన ఆ స్థలాన్ని 1991లో సరిగ్గా అదే తేదీన మూసివేశారు. ఐక్యరాజ్య సమితి 2009లో ఆగస్టు 29ని అంతర్జాతీయ అణుపరీక్షల వ్యతిరేక దినంగా ప్రకటించింది. ఆ ప్రతిపాదన తెచ్చినది కజకిస్తానే.