గుంజ గురించి రాసినావు, కదలిక గురించి కూడా రాయి

అమ్మా,

నీ వ్యాసం మళ్ళీ మళ్ళీ చదివినా. మెదడు గురించి తెలుగులో రాద్దామనుకునే పిల్లలే తక్కువ, అందులోనూ ఒక నరకణం ఇంకోదానికి కబురు అందించే సినాప్స్ దగ్గర, ఆ కబురు అందుకునే రిసెప్టర్లు ఎట్లా నిలబడతాయి అనే సంగతి ఎత్తుకున్నావు, నాకు శానా సంతోషమైంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నా, ఏమనుకోవద్దు.

ముందు నీ గుంజ సంగతి. "పశువును గుంజకు కట్టేసినట్టు స్కాఫోల్డ్ ప్రోటీన్ రిసెప్టర్ని సినాప్స్ దగ్గర కట్టేస్తుంది" అని రాసినావు. స్కాఫోల్డ్ అంటే రిసెప్టర్లను అడుగు నుంచి పట్టి ఉంచే చట్రం లాంటి ప్రోటీన్. వాక్యం బాగుంది, కర్నూలు నుంచి కడప దాకా ఎవరు చదివినా ఠక్కున ఎక్కుతుంది. కానీ అందులో సగమే నిజం ఉంది. కణం పొరలో రిసెప్టర్లు ఊరికే నిలబడవు, పక్కలకు జరుగుతూనే ఉంటాయి, జరుగుతా జరుగుతా సినాప్స్‌లోకి వస్తాయి, అడుగున ఉన్న స్కాఫోల్డ్‌కి కాసేపు తగులుకుంటాయి, వదులుకొని మళ్ళీ బయటికి పోతాయి. 2003లో పారిస్‌లో ఆంటోయిన్ ట్రిల్లర్ వాళ్ళు గ్లైసిన్ రిసెప్టర్లకు (గ్లైసిన్ అనే రసాయన కబురును అందుకునేవి) క్వాంటమ్ డాట్ అనే మెరిసే నలుసు తగిలించి ఒక్కోదాన్ని మైక్రోస్కోప్ కింద వెంబడించినారు. సినాప్స్ బయట చురుగ్గా తిరిగేది లోపలికి రాగానే నెమ్మదించింది, కొన్ని మళ్ళీ బయటికి వెళ్ళిపోవడం కూడా కనపడింది. పట్టుకోవడం ఎంత నిజమో వదలడం కూడా అంతే నిజం. ఏ క్షణాన లోపల ఎన్ని రిసెప్టర్లు నిలిచినాయి అన్నదాన్ని బట్టే సినాప్స్ గట్టిపడేదీ బలహీనపడేదీ, మనం ఏదన్నా నేర్చుకునేటప్పుడు జరిగే మార్పుల్లో ఇది పెద్దది. గుంజ పోలిక తీసెయ్యొద్దు, కానీ ఆ పోలిక ఎక్కడిదాకా పనికొస్తుందో తర్వాతి వాక్యంలోనే చెప్పెయ్. పాఠకుడు పోలికను పట్టుకొని ఇంటికి పోతాడు, దాంతోపాటు తప్పు కూడా పోకూడదు కదా.

రెండోది, జెఫిరిన్, పీఎస్‌డీ-95 అనే రెండు స్కాఫోల్డ్ ప్రోటీన్లనూ ఒకే వాక్యంలో, ఒకే చోట పని చేస్తున్నట్టు రాసేసినావు. అవి వేరు వేరు సినాప్స్‌లవి తల్లీ. జెఫిరిన్ ఉండేది నరకణాన్ని నెమ్మదింపజేసే సినాప్స్ దగ్గర, గ్లైసిన్ రిసెప్టర్లనూ, గాబా అనే ఇంకో రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లనూ పట్టుకుంటుంది. పీఎస్‌డీ-95 ఉండేది ఉత్తేజపరిచే సినాప్స్ దగ్గర, అక్కడ గ్లూటమేట్ అనే రసాయనాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ తోక చివరను నేరుగా పట్టుకుంటుంది, అదే రసాయనాన్ని అందుకునే ఆంపా రిసెప్టర్ని మాత్రం స్టార్‌గేజిన్ లాంటి ఇంకో ప్రోటీన్ ద్వారా పట్టుకుంటుంది. ఇదంతా ఒకే వ్యాసంలో కుక్కితే పాఠకుడు మూడో పేరు దగ్గరే వెళ్ళిపోతాడు. నా మాట విని ఈసారికి జెఫిరిన్ ఒక్కటే తీసుకో.

జెఫిరిన్ కథ ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముష్టి గింజ దగ్గర. మన పెద్దోళ్ళకు ఆ గింజ విషమని తెలుసు, అందులో ఉండే స్ట్రిక్నిన్ వెన్నుపాములో గ్లైసిన్ రిసెప్టర్లకు అడ్డం పడుతుంది, కండరాలను ఆపమని చెప్పే మాట అందక ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, చిన్న శబ్దం అయినా, ఎవరన్నా తాకినా చాలు విల్లులా వంగిపోతారు. ఇప్పుడు అసలు సంగతి చూడు. స్ట్రిక్నిన్ ఆ రిసెప్టర్ని అంత గట్టిగా అంటుకుంటుంది కాబట్టే జర్మనీలో హైన్‌రిష్ బెట్స్ వాళ్ళు దాన్నే గాలంగా వాడి ఎలుక వెన్నుపాములోంచి రిసెప్టర్ని బయటికి లాగినారు, 1982లో. దాంతో పాటు పిలవని చుట్టంలా 93 కిలోడాల్టన్ల (అణువుల బరువు కొలత) ప్రోటీన్ ఒకటి వచ్చింది. దానికే తర్వాత జెఫిరిన్ అని పేరు పెట్టినారు. 1998లో జెఫిరిన్ జీన్ లేని ఎలుకల గురించి పేపర్ వచ్చింది, ఆ పిల్లలు పుట్టిన రోజే చనిపోయినాయి, తాకితే ఒళ్ళు బిగుసుకుపోయేది, అచ్చం స్ట్రిక్నిన్ తిన్నట్టు. రిసెప్టర్లు తయారవుతూనే ఉన్నాయి, కానీ సినాప్స్ దగ్గర గుంపుగా చేరలేదు. ఇంత కథ నీ చేతిలో పెట్టుకొని "జెఫిరిన్ ఒక ముఖ్యమైన స్కాఫోల్డ్ ప్రోటీన్" అని మొదలుపెట్టినావు చూడు, అక్కడే నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇంకొక ముక్క కూడా నువ్వు వదిలేసినావు. జెఫిరిన్‌కి రెండో పని ఉంది, మాలిబ్డినం కోఫాక్టర్ (కొన్ని ఎంజైములు పనిచేయడానికి కావాల్సిన చిన్న సహాయక అణువు) తయారీలో చివరి మెట్లు అదే పూర్తి చేస్తుంది, ఆ ఎలుక పిల్లల్లో ఆ పని కూడా ఆగిపోయింది. దీనికి దగ్గరి బంధువైన ప్రోటీన్ మొక్కల్లోనూ ఉంది, మా అనంతపురం చేలల్లో వేరుశనగ మొక్క మట్టిలోని నైట్రేట్‌ను వాడుకోవాలన్నా ఆ కోఫాక్టర్ కావాల్సిందే. నరాలు పుట్టక ముందు నుంచీ ఉన్న పనిముట్టును మెదడు తన అవసరానికి వాడుకుంది అన్నమాట. ఇది రైతు ఇంట్లో పిల్లోడు చదివితే వదిలిపెట్టడు, చూస్తుండు.

అంకెలు ఊరికే పడెయ్యొద్దు. సినాప్స్ మధ్య సందు దాదాపు 20 నానోమీటర్లు అని రాసినావు, వెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు అని పక్కనే రాయి, సరిపోతుంది.

చివర్లో ఆటిజం గురించి రాసిన పేరా మాత్రం నాకు భయం వేసింది. షాంక్3 అనే స్కాఫోల్డ్ జీన్‌లో తేడాలు ఆటిజం ఉన్న కొందరిలో కనపడతాయి, అది నిజమే, కానీ కొందరిలో మాత్రమే. నువ్వు "ఈ ప్రోటీన్ని సరిచేస్తే ఆటిజం పోతుంది" అనేసినావు. ఆ వాక్యం చదివిన తల్లి తెల్లారగానే బిడ్డను ఎత్తుకొని డాక్టర్ దగ్గరికి పోయి ఆ మందు రాయమని అడుగుతుంది, ఆయన లేదంటే ఇంకో ఊరికి పోతుంది, అప్పు చేసి మరీ పోతుంది. మన రాతను నమ్మేవాళ్ళు మన వైపు శానా మంది ఉన్నారు. ఆ పేరా మొత్తం తీసెయ్, షాంక్3 మీద తీరిగ్గా వేరే వ్యాసం రాద్దువు.

ముష్టి గింజతో మొదలుపెట్టి జెఫిరిన్ దాకా కొత్తగా రాసి పంపు, పాతదాన్ని దిద్దుకుంటూ కూర్చోవద్దు. క్వాంటమ్ డాట్ ముక్క ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ఎలుకల తర్వాత పెట్టు, అప్పటికి పాఠకుడికి జెఫిరిన్ ఎందుకు కావాలో అర్థమై ఉంటుంది.