ముసుగు మనిషి ఆఖరి సినిమా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ముసుగు వేసుకుని చంపే మైకేల్, అతని చేతిలోంచి బతికి బయటపడ్డ లోరీ, ఈ ఇద్దరి చుట్టూ తిరిగే అమెరికా భయానక సినిమాల వరసలో ఆఖరిది ‘హాలోవీన్ ఎండ్స్’ (2022). అది చూసినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే రెండు జట్లయిపోతున్నారు. కోనసీమ నుంచి, భీమవరం, పాలకొల్లు, కాకినాడ వైపుల నుంచి ఈ సినిమా మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ముగింపు దాచి మాట్లాడటం కుదరలేదు. సినిమా ఇంకా చూడనివాళ్లు మొదటి ప్రశ్న చదివి ఆగిపోవడం మంచిది.

ఈ వరసలో పదమూడు సినిమాలున్నాయటండీ. అన్నీ చూడాలా? ఒకదాంట్లో చనిపోయిన లోరీ ఇంకోదాంట్లో అమ్మమ్మ ఎలా అయింది? (బ్యాంకు ఉద్యోగి, అమలాపురం)

అన్నీ అక్కర్లేదు, నాలుగు చాలు. 1978 నాటి మొదటి ‘హాలోవీన్’ (91 నిమిషాలు), అదే పేరుతో 2018లో వచ్చినది (106), ‘హాలోవీన్ కిల్స్’ (2021, 105), ‘హాలోవీన్ ఎండ్స్’ (111). మొత్తం ఏడు గంటలకు కాస్త తక్కువ. మధ్యలోని రెండు ఒకే రాత్రి కథ కాబట్టి ఒకేరోజు చూడండి. ఆఖరిదానికి మాత్రం ఒక రోజు ఆగండి. కథలోనూ నాలుగేళ్లు గడుస్తాయి.

లోరీ విషయంలో గందరగోళం ఎందుకంటే ఈ కథ ధవళేశ్వరం దిగువన గోదావరిలాగే పాయలుగా చీలిపోయింది. మొదలు ఒక్కటే, 1978. ఒక పాయ 1981లో వచ్చిన రెండో భాగం మీదుగా 1988, 1989, 1995 సినిమాల్లోకి పోతుంది. అందులో లోరీ కారు ప్రమాదంలో పోయిందని చెబుతారు. రెండో పాయ 1981 నుంచి 1998కి దూకి 2002లో ఆగిపోతుంది. మూడో పాయ 1978 నుంచి నేరుగా 2018కి వస్తుంది. మైకేల్, లోరీ అన్నాచెల్లెళ్లన్న మాట 1981లో చేర్చిందే. 2018 సినిమా దాన్ని జనం పుట్టించిన కబురని తోసేసింది. 2007, 2009 సినిమాలు మళ్లీ మొదటినుంచి తీసినవి. 1982 నాటి మూడో భాగంలో మైకేల్ కథే లేదు. మీకు ఓపికుంటే 1981ది, 1998ది కూడా చూడండి. ఆఖరి సినిమా ముగింపు అలా ఎందుకుందో అప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

పోస్టరులో మైకేల్, లోరీ ఎదురెదురుగా నిలబడ్డారు. తీరా చూస్తే కోరీ అనే కుర్రాడి కథ! ఇది మోసం కాదంటారా? (పాలకొల్లు నుంచి ముగ్గురు స్నేహితులు)

మీ కోపంలో న్యాయముంది. ప్రచారమంతా ఆఖరి పోరాటం చుట్టూ తిప్పి, ఆ పోరాటానికి సినిమాలో కొద్ది నిమిషాలే ఇచ్చారు. అయితే తప్పు కోరీ పాత్రది కాదు, ఆ పాత్రను ఎక్కడ ప్రవేశపెట్టారన్న దగ్గర ఉంది.

ముందు మంచి సంగతి. 1978లో పిల్లల్ని చూసుకునే అమ్మాయి ప్రమాదంలో పడింది. ఇక్కడ మొదటి సన్నివేశంలోనే అది తిరగబడింది. కోరీ కాపలా ఉన్న ఇంట్లో పిల్లవాడు ఆటకోసం అతన్ని అటకగదిలో పెట్టి గడియ వేస్తాడు. కోరీ తలుపు తన్నగానే పిల్లవాడు మెట్ల కమ్మీ మీదనుంచి పడి చనిపోతాడు. మైకేల్ కనబడకుండా పోయాక ఊరికి వేలెత్తి చూపడానికి ఇంకొకడు కావాలి, కోరీ దొరికాడు. 2018 నుంచి వచ్చిన మూడు సినిమాల్లో ఇంత గట్టి ఆలోచన ఇంకోటి లేదు.

మరి ఎక్కడ చెడింది? కోరీ జాడ ముందు రెండు సినిమాల్లో ఒక్క షాట్‌లో కూడా లేదు. 111 నిమిషాల్లోనే అతను పరిచయమవ్వాలి, అవమానాలు పడాలి, లోరీ మనవరాలు ఆలిసన్‌ను ప్రేమించాలి, మైకేల్ ముసుగు లాక్కోవాలి, చావాలి. ఆలిసన్ తల్లీ తండ్రీ ఇద్దరూ మైకేల్ చేతిలోనే పోయారు. అలాంటి పిల్ల కొద్దిరోజుల పరిచయంతో ఊరొదిలి అతనితో పోతానంటే నమ్మడం కష్టం. ‘కిల్స్’లో ఊరంతా గుంపుగా రోడ్డెక్కినప్పుడు ఆ గుంపులో కోరీని నిలబెట్టి ఉంటే సగం పని అక్కడే అయిపోయేది. ఆ సినిమా నిడివంతా టామీ, లిండ్సీ, నర్స్ మేరియన్ లాంటి 1978 నాటి పాత్రలను వెనక్కి తేవడానికి, లోరీని ఆస్పత్రి మంచం మీద ఉంచడానికి ఖర్చయింది.

రెండో లోపం మైకేల్ బలం. చంపేకొద్దీ అతను మనిషి స్థాయి దాటిపోతున్నాడని ‘కిల్స్’ చివర లోరీ చేతే చెప్పించారు. ఊరంతా కొట్టినా లేచి అందర్నీ నరికేశాడు. తర్వాతి సినిమాలో అదే మనిషి మురుగు సొరంగంలో నీరసించి పడి ఉంటాడు, కోరీ చేతిలో ముసుగు పోగొట్టుకుంటాడు. ఎందుకో చెప్పే సన్నివేశం ఒక్కటీ లేదు. మీ ఉత్తరంలో ఇది లేదు గానీ, మాకు కోరీ కన్నా ఇదే పెద్ద తప్పుగా కనిపిస్తోంది.

ముగింపును మాత్రం గట్టిగా సమర్థిస్తాం. 1978 నుంచి సాగిన పాత వరసలో మైకేల్ శవం ఎప్పుడూ నిలవలేదు. 1978లో ఆరు గుళ్లు తిని బాల్కనీ మీదనుంచి పడి మాయమయ్యాడు. 1981లో మంటల్లో కాలాడు. 1998లో లోరీ అతని తల నరికితే, అది మైకేల్ ముసుగు తొడిగిన అంబులెన్సు ఉద్యోగి తల అని 2002లో చెప్పి ప్రేక్షకుణ్ణి చిన్నబుచ్చారు. అందుకే ఈసారి లోరీ వంటగదిలో అతని చెయ్యి బల్లకు కత్తితో గుచ్చి, గొంతు, మణికట్టు కోసింది. అంతటితో ఆగకుండా, కారు మీద కట్టి ఊరేగించి, తుక్కు పిండిచేసే యంత్రంలో వేశారు. ‘కిల్స్’లో అరిచిన ఊరు ఇక్కడ నోరు మెదపకుండా నడుస్తుంది. పాత దగాకి ఇంతకన్నా సూటి జవాబు లేదు.

వసూళ్లు చూపి సినిమా చెడ్డదని వాదించకండి. 2018ది ప్రపంచమంతా కలిపి సుమారు 25 కోట్ల డాలర్లు, ‘కిల్స్’ 13 కోట్లు, ‘ఎండ్స్’ 10 కోట్ల పైచిలుకు తెచ్చాయి. చివరి రెండూ అమెరికాలో థియేటర్‌తో పాటు అదేరోజు ఓటీటీలో కూడా వచ్చాయన్నది లెక్కలో వేసుకోవాలి.

సొరంగంలో మైకేల్ కోరీ గొంతు పట్టుకుని ఎందుకు వదిలేశాడు? (డిగ్రీ విద్యార్థిని, రాజోలు)

కళ్ల దగ్గరి షాట్లు చూడండి. మధ్యలో కోరీ జ్ఞాపకం, ఆ పిల్లవాడు పడిన రాత్రి, మెరుస్తుంది. మైకేల్ అతనిలో తనలాంటివాణ్ణి చూశాడని కొందరంటారు. కోరీ తనకు కావలసిన అర్థం తానే చూసుకున్నాడని ఇంకొందరంటారు. రెండో మాటకే ఆధారం ఎక్కువ. ఆ క్షణం తర్వాత మారింది కోరీ ఒక్కడే.

ఇంత ఆలస్యంగా వచ్చిన కొనసాగింపుల్లో మీ లెక్కన ఏది నయం? (కిరాణా వ్యాపారి, తణుకు)

2018 ‘హాలోవీన్’, 2022 ‘స్క్రీమ్’. మొదటిదాంట్లో 1978లో లోరీగా వేసిన జేమీ లీ కర్టిస్ నలభై ఏళ్ల తర్వాత అదే పాత్రలో ఉంది. ఆ వయసును, ఆ భయాన్ని కథకు ఇరుసుగా వాడుకున్నారు. రెండోదాంట్లో పాతవాళ్లు ఉన్నా బరువు కొత్తవాళ్ల మీద పెట్టారు. 2022లోనే వచ్చిన ‘టెక్సస్ చైన్‌సా మసాకర్’ 1974 కథలో బతికి బయటపడ్డ శాలీని మరో నటితో వెనక్కి తెచ్చింది. మొదటి నటి అప్పటికే కన్నుమూశారు. కానీ ఆ పాత్రకు తగిన పని ఇవ్వకుండానే చంపేశారు. పాత పాత్రను పిలిస్తే పని చూపించాలి.

మా టీవీలో రాత్రి సీన్లన్నీ నల్లగా మూసుకుపోయి ఏమీ కనిపించలేదు. సినిమా తప్పా, టీవీ తప్పా? (గృహిణి, కాకినాడ)

ఎక్కువ భాగం టీవీ అమరికే. ముందు పిక్చర్ మోడ్‌ను ‘వివిడ్’ నుంచి ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’కు మార్చండి. కదలికను నునుపు చేసే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆపేయండి. లేకపోతే సినిమా సీరియల్‌లా కనిపించి భయం సగం పోతుంది.

తర్వాత బ్రైట్‌నెస్. ఇవి వెడల్పు తెర సినిమాలు కాబట్టి పైనా కిందా నల్ల పట్టీలుంటాయి. గదిలో దీపాలార్పి, ఒక చీకటి సీన్ దగ్గర ఆపి, పట్టీలు బూడిదరంగు తేలేదాకా బ్రైట్‌నెస్ పెంచండి. మళ్లీ నల్లబడేదాకా ఒక్కో మెట్టు దించండి. అక్కడ ఆపాలి. కొన్ని టీవీల్లో ఈ పని చేసే అమరికకు ‘బ్లాక్ లెవెల్’ అని పేరు, ‘బ్రైట్‌నెస్’ అన్నది వెనక దీపం మాత్రమే. ఏది కదిపితే పట్టీ రంగు తేలుతోందో చూసి తెలుసుకోండి. చీకట్లో గళ్లుగళ్లుగా కనిపిస్తే అది నెట్ వేగం. హెచ్‌డీకి కనీసం 5 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి.

మాటలు వినపడక, అరుపులు మాత్రం చెవులు పగలగొడుతుంటే ఆడియోలో 5.1 (ఎక్కువ స్పీకర్లకు విడగొట్టిన ధ్వని) బదులు స్టీరియో (రెండు స్పీకర్లది) ఎంచుకోండి. మాటలు మధ్య స్పీకరుకు కేటాయించి ఉంటాయి. రెండు స్పీకర్ల టీవీలో అవి సరిగా కలవకపోతే సన్నబడిపోతాయి. ‘నైట్ మోడ్’ ఉంటే అదీ పెట్టండి.

ఈ సినిమాల్లో వినిపించే ఆ పియానో ముక్కకి తాళం వేస్తుంటే ఆదిలో తప్పిపోతోంది. ఏ తాళమండీ అది? (మృదంగం నేర్చుకుంటున్న విద్యార్థి, రామచంద్రపురం)

లెక్క ఐదు, అందుకే ఎనిమిది లెక్క ఆదితాళంలో కూర్చోదు. ఖండచాపులా ‘తక తకిట’ అని వేస్తే మొత్తం సరిపోతుంది గానీ విరుపులు తగలవు. రెండు ఆవర్తనాలు కలిపి పది అక్షరాలుగా తీసుకుని ‘తకిట తకిట తక తక’ అని వెయ్యండి. 3, 3, 2, 2. ఇప్పుడు పైస్వరం ఎక్కడ పడుతుందో చెయ్యే చెబుతుంది. 1978 సినిమా దర్శకుడు జాన్ కార్పెంటరే స్వరకర్త. ఈ ఐదు లెక్కను చిన్నప్పుడు వాళ్ల నాన్న బాంగోస్ మీద నేర్పారు. ఆఖరి మూడు సినిమాలకూ ఆయనే కొడుకు కోడీ, డేనియల్ డేవీస్‌తో కలిసి సంగీతం ఇచ్చారు.

మా కాలేజీలో ఈ సినిమా వేసి అభిప్రాయాలు సేకరిద్దామనుకుంటున్నాం. ఎలా చేస్తే బాగుంటుంది? (ఇంజినీరింగ్ విద్యార్థులు, భీమవరం)

చుక్కలు వేయించి సరాసరి తీయొద్దు. ఇలాంటి సినిమాకు సగంమంది ఐదు, సగంమంది ఒకటి వేస్తే సరాసరి మూడు వస్తుంది. ఆ మూడు ఎవరి మాటా కాదు. సినిమాకు ముందు అరఠావు కాగితం ఇచ్చి, ఇంతకుముందు ఏవి చూశారు, దీన్నుంచి ఏం ఆశిస్తున్నారు అని రెండే ప్రశ్నలు అడగండి. అయిపోయాక అదే కాగితం వెనక, ఏ సీన్ దగ్గర మనసు జారింది, ఎక్కడ మళ్లీ పట్టింది రాయమనండి. చర్చ మొదలవకముందే కాగితాలు తీసేసుకోవాలి, లేకపోతే ముందు గట్టిగా మాట్లాడినవాడి మాటే అందరూ రాస్తారు. 1978ది చూసినవాళ్లవి, చూడనివాళ్లవి రెండు కట్టలుగా వేరుచేసి చదవండి. ఇంకో మాట: ఈ తరహా సినిమాలకు మన దగ్గర ‘ఎ’ సర్టిఫికెట్టే ఎక్కువ. అలా ఉంటే పద్దెనిమిది నిండనివాళ్లను కూర్చోబెట్టకండి.

స్టేజీ మీద చిన్న స్కిట్‌కి ఆ తెల్ల ముసుగు చేసుకోవాలి. పోయినసారి వేసిన రంగు పెచ్చులూడిపోయింది. (నాటక బృందం, నరసాపురం)

అసలు ముసుగే అతుకుల పని. 1978లో డబ్బు లేక, ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్లో కెప్టెన్ పాత్రధారి విలియం షాట్నర్ పోలికలతో అమ్ముతున్న రబ్బరు ముసుగు కొన్నారు. చెంపల జుట్టు, కనుబొమలు పీకి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టారు.

మీ రంగు ఊడటానికి కారణం మామూలు ఎనామెల్ లేదా స్ప్రే. రబ్బరు వంగుతుంది, ఆ రంగు వంగదు. యాక్రిలిక్ రంగును ద్రవ రబ్బరు పాలల్లో (లిక్విడ్ లేటెక్స్) కలపండి. పాలు ఎక్కువ, రంగు తక్కువ ఉండాలి. స్పాంజితో పలచగా అద్ది, పూర్తిగా ఆరాక రెండో పూత, ఆపైన టాల్కం పౌడరు. ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంది, కిటికీలు తెరవండి. రబ్బరు పడనివాళ్లుంటారు, వేసుకునే మనిషి మణికట్టు మీద ముందు కాస్త ఆనించి చూడండి. స్వచ్ఛమైన తెలుపు వద్దు, చిటికెడు గోధుమరంగు కలపండి. కళ్లు గుంటల్లా కనిపించాలంటే రంగుతో రాదు, దీపం ఎదురుగా కాకుండా పైనుంచో పక్కనుంచో పడాలి.

కొబ్బరినూనె రబ్బరును మెత్తబరిచి చింపేస్తుంది. తలకు నూనె రాసుకున్న రోజు ముసుగు తొడగొద్దు, ఎప్పుడైనా లోపల నూలు టోపీ పెట్టుకోండి. మన ఉక్కపోతలో పది పదిహేను నిమిషాలకోసారి తీసి ముఖం తుడుచుకోవాలి. కత్తి థర్మోకోల్‌దో రబ్బరుదో వాడండి, మొద్దుబారిన ఇనప కత్తి కూడా వద్దు. పనయ్యాక లోపల పాత కాగితాలు కుక్కి, మడవకుండా, ఎండ తగలని అరలో ఉంచండి.