ఇనుము కాంప్లెక్స్‌తో ఆల్కహాల్, కీటోన్ సమానంగా వస్తున్నాయి: ఎంజైమ్‌లా పనిచేస్తున్నట్టేనా?

ప్రశ్న: నాన్‌హీమ్ ఎంజైమ్‌ల (హీమ్ వలయం లేకుండానే ఇనుముతో పనిచేసేవి) నమూనాలో నాలుగు నైట్రోజన్‌ల లైగాండ్‌తో (లోహాన్ని పట్టుకునే అణువు) ఐరన్(2) క్లోరైడ్ కాంప్లెక్స్ చేశాను. 100 ఈక్వివలెంట్ల (ఒక్కో ఇనుముకు 100 అణువులు) హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకేసారి పోస్తే సైక్లోహెక్సేన్ ఆక్సీకరణ జరుగుతోంది, కానీ సైక్లోహెక్సనాల్, సైక్లోహెక్సనోన్ దాదాపు సమానం. దీన్ని బయోఇన్‌స్పైర్డ్ (ఎంజైమ్ పనితీరును అనుకరించే) ఉత్ప్రేరకం అనొచ్చా? లైగాండ్‌లో ఏం మార్చాలి?

జవాబు: ఇప్పుడే అనకండి. ఒకటికి ఒకటి నిష్పత్తి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఫెంటన్ చర్యను. ఇనుము పెరాక్సైడ్‌ను చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్‌ను వదిలేస్తుంది. అది సైక్లోహెక్సేన్ నుంచి ఒక హైడ్రోజన్ లాగేస్తుంది. మిగిలిన సైక్లోహెక్సైల్ రాడికల్ గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పెరాక్సిల్ రాడికల్ అవుతుంది. అలాంటివి రెండు ఢీకొంటే ఒక ఆల్కహాల్, ఒక కీటోన్ పుడతాయి. ఇదంతా ద్రావణంలో జరిగే తంతు, మీ లైగాండ్‌కు ఇందులో పాత్రే లేదు. లోహం దగ్గరే బంధం తెగి, అక్కడే ఆక్సిజన్ అతుక్కుంటే ఆల్కహాల్‌దే పైచేయి: టీపీఏ కాంప్లెక్స్‌తో సుమారు 5:1, బీపీమెన్‌తో సుమారు 8:1 (రెండూ పిరిడీన్‌లున్న నాలుగు నైట్రోజన్‌ల లైగాండ్‌లే).

లైగాండ్‌ను తిట్టే ముందు ప్రయోగం సరిచేయండి. 100 ఈక్వివలెంట్లు ఒక్కసారే పోయడం పెద్ద తప్పు. పెరాక్సైడ్ గాఢత పెరిగితే చురుకైన ఇనుము సైక్లోహెక్సేన్‌ను వదిలేసి పెరాక్సైడ్‌నే ఆక్సీకరిస్తుంది. బుడగలు కనిపిస్తే అది ఆక్సిజన్ వాయువు, మీ ఆక్సిడెంట్ వృథా అయిపోతోందన్నమాట. పోల్చుకోవడానికి పనికొచ్చే నిష్పత్తి ఇనుము 1, పెరాక్సైడ్ 10, సైక్లోహెక్సేన్ 1000.

బీపీమెన్ ట్రైఫ్లేట్ (అణుభారం 624) ఉదాహరణగా తీసుకుందాం. ఒక ప్రయోగానికి 1.3 మిల్లీగ్రాములే కావాలి. అంత తక్కువ తూచి నమ్మలేం కాబట్టి 6.24 మిల్లీగ్రాములను 10 మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్‌లో కరిగించి 1 మిల్లీమోలార్ స్టాక్ చేసుకోండి. 2.1 మిల్లీలీటర్ల స్టాక్, 0.23 మిల్లీలీటర్ల సైక్లోహెక్సేన్ కలిపి, మొత్తం 2.7 వచ్చేదాకా అసిటోనైట్రైల్ పోయండి. 30 శాతం పెరాక్సైడ్ (సుమారు 9.8 మోలార్) 71 మైక్రోలీటర్లను 10 మిల్లీలీటర్లకు పలచన చేస్తే 70 మిల్లీమోలార్ అవుతుంది. అందులో 0.3 మిల్లీలీటర్లను సిరంజి పంపుతో 25 డిగ్రీల దగ్గర అరగంట పాటు నెమ్మదిగా ఇవ్వండి. చివరికి ఇనుము 0.7, పెరాక్సైడ్ 7 మిల్లీమోలార్, సైక్లోహెక్సేన్ 0.7 మోలార్ ఉంటాయి. ఇక్కడ వచ్చే టర్నోవర్ (ఒక్కో ఇనుముకు వచ్చే ఉత్పత్తి అణువులు) 10 దాటదు. చిన్న అంకె అని చిన్నబుచ్చుకోకండి, పెరాక్సైడ్‌లో ఎంత భాగం ఉత్పత్తిగా మారిందో అదే చెబుతుంది.

చర్య అయ్యాక చిన్న సిలికా కాలమ్ గుండా పంపి ఇనుమును తీసేయండి. ద్రావణాన్ని రెండు భాగాలు చేసి, ఒకదాన్ని నేరుగా గ్యాస్ క్రొమాటోగ్రఫీకి పంపండి. రెండోదానికి 10 మిల్లీగ్రాముల ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ వేసి పదిహేను నిమిషాలు ఆగి పంపండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. సైక్లోహెక్సైల్ హైడ్రోపెరాక్సైడ్ ఉంటే అది ఇంజెక్టర్ వేడికి విడిపోయి ఆల్కహాల్, కీటోన్ రెండుగానూ కనిపిస్తుంది. ఫాస్ఫీన్ దాన్ని ముందే ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఫాస్ఫీన్ తర్వాత ఆల్కహాల్ బాగా పెరిగి కీటోన్ తగ్గితే రాడికల్ దారి ఉన్నట్టే. అంతర్గత ప్రమాణాన్ని (పోల్చి లెక్కగట్టడానికి తెలిసిన మోతాదులో వేసే పదార్థం) చర్య ముగిశాకే కలపండి, ముందే కలిపితే అదీ ఆక్సీకరణ చెందొచ్చు.

ఒక్క నిష్పత్తినే నమ్మొద్దు. సిస్-1,2-డైమిథైల్‌సైక్లోహెక్సేన్‌తో చేసి చూడండి. సిస్ అమరిక (రెండు మిథైల్‌లూ ఒకే వైపు) చెదరకుండా టెర్షియరీ ఆల్కహాల్ (మూడు కార్బన్‌లున్న కార్బన్‌పై ఏర్పడేది) వస్తే మధ్యలో రాడికల్ ఎక్కువసేపు బతకలేదని అర్థం. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. అడమాంటేన్‌తో టెర్షియరీ, సెకండరీ నిష్పత్తిని (12 సెకండరీ, 4 టెర్షియరీ హైడ్రోజన్‌లు ఉన్నాయి కాబట్టి 3తో గుణించి) చూస్తే హైడ్రాక్సిల్ రాడికల్‌కు 2 దగ్గర, టీపీఏ తరహా కాంప్లెక్స్‌లకు 15 పైన ఉంటుంది. సైక్లోహెక్సేన్, దాని డ్యుటీరియం రూపం మధ్య ఐసోటోప్ ప్రభావం (బరువైన డ్యుటీరియంతో చర్య ఎన్ని రెట్లు మందగిస్తుందో) రాడికల్‌కు 1–2, లోహానికి 3–5. లైగాండ్ లేకుండా ఇనుము లవణం ఒక్కదాంతో చేసిన ప్రయోగం కూడా పక్కన ఉండాలి.

ఇక డిజైన్. నాఫ్తలీన్ డైఆక్సిజనేజ్‌లో రెండు హిస్టిడిన్‌లు, ఒక ఆస్పార్టేట్ ఇనుమును ఒకవైపు నుంచి పట్టుకుంటాయి. అది చూసి ఫ్లాస్కులోనూ కార్బాక్సిలేట్ ఉన్న లైగాండ్ చేయాలనిపిస్తుంది. కానీ ప్రొటీన్ గోడ లేనిచోట ఆ కార్బాక్సిలేట్ పక్క ఇనుమునూ పట్టుకుని వంతెన కట్టేస్తుంది. ఎంజైమ్ రూపాన్ని కాదు, అది చేసే పనిని కాపీ కొట్టండి: పక్కపక్కనే రెండు ఖాళీ స్థానాలు. తటస్థ నాలుగు నైట్రోజన్‌ల లైగాండ్ చూడ్డానికి ఎంజైమ్‌కు దూరం, పనిలో దగ్గర. ఖాళీలు ఎదురెదురుగా ఉంటే ఈ పని సాగదు.

మీ కాంప్లెక్స్‌లో ఆ రెండు స్థానాల్లోనూ క్లోరైడ్‌లు కూర్చుని ఉన్నాయి. మొదట మార్చాల్సింది అదే: స్థానాన్ని తేలిగ్గా వదిలే ట్రైఫ్లేట్‌గానీ హెక్సాఫ్లోరోయాంటిమొనేట్‌గానీ వాడండి. పెర్‌క్లోరేట్ జోలికి వెళ్లొద్దు, ఎండిన లవణం పేలొచ్చు. పిరిడీన్ 6వ స్థానంలో మిథైల్ గుంపులుంటే ఇనుము–నైట్రోజన్ బంధాలు సాగుతాయి. టీపీఏలో మూడు పిరిడీన్‌లకూ మిథైల్ పెడితే ఆల్కహాల్ నిష్పత్తి 2 దగ్గరికి పడిపోతుంది. అమైన్‌పై హైడ్రోజన్ ఉంటే మిథైల్‌తో మూసేయండి, లేకపోతే ముందు ఆక్సీకరణ చెందేది మీ లైగాండే. ఇథిలీన్ వంతెన బదులు బైపిరోలిడిన్ వంటి బిగుతైన వెన్నెముక పెడితే లైగాండ్ ఊడిపోవడం తగ్గుతుంది. 2007లో చెన్, వైట్ ప్రకటించిన పీడీపీ కాంప్లెక్స్‌లో ఉన్నది అదే. వాళ్ల పద్ధతిలో 5 మోల్ శాతం ఉత్ప్రేరకం, 50 మోల్ శాతం అసిటిక్ ఆమ్లం, 1.2 ఈక్వివలెంట్ల పెరాక్సైడ్, ఇలా మూడు విడతలు. ఆమ్లం ఇనుముకు అతుక్కున్న పెరాక్సైడ్ చివరి ఆక్సిజన్‌కు ప్రోటాన్ ఇచ్చి, ఆ రెండు ఆక్సిజన్‌ల మధ్య బంధం రాడికల్‌లుగా కాక నీరుగా తెగేలా చేస్తుంది.

ద్రావణిగా అసిటోన్ మాత్రం వాడకండి. పెరాక్సైడ్‌తో, అందులోనూ ఆమ్లం ఉన్నప్పుడు, పేలుడు పెరాక్సైడ్‌లు ఏర్పడతాయి.