పండుగకి ముందే ఇవ్వు బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో ఒక్క గుక్కలో నాలుగు ప్రశ్నలు అడిగి, కుక్కర్ విజిల్ వచ్చిందని పెట్టేశావు. పనామెకి సంక్రాంతికి ఏమివ్వాలి, సకినాలు ఇంట్లో చేయగలవా, పెద్దోడు రాత్రిపూట అన్నం ముట్టడం లేదు, చిన్నదాన్ని వంటింట్లోకి రానివ్వాలా వద్దా. ఫోన్‌లో చెబితే నువ్వు సగం వింటావు, నేను సగం మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నా. భోగికి ఇంకా ఇరవై రోజులుంది. అదే మంచిదయింది, ఎందుకో చెబుతా.

పాతికేళ్ళ కిందటి మాట. అప్పుడు మేం సైదాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకి దసరాకి చీర పెట్టాలని నాకు గట్టిగానే ఉండె. కానీ పిల్లల బట్టలు, ఊరి నుంచి వచ్చే చుట్టాలు, పిండివంటలు, వీటన్నిట్లో పడి ముందు రోజు రాత్రి పరుగున పోయి కొనుక్కొచ్చాను. పండుగ పొద్దున ఆమె పని ముగించాక బొట్టు పెట్టి చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుంది. మడత విప్పి అంచు చూసింది. "మంచిగుందమ్మా. జాకెట్ ఎప్పుడు కుట్టించుకోవాలె మరి?" అని నవ్వింది. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అంది. ఆ సాయంత్రం జమ్మి దగ్గర ఆమె కనబడింది, పాత చీరలోనే. నా చేతిలో బంగారమని జమ్మి ఆకు పెట్టి కాళ్ళకి దండం కూడా పెట్టింది. నేను ఇచ్చిన చీర ఆమె ఒంటి మీద చూసింది దీపావళికి.

డబ్బు నేను ఖర్చు పెట్టాను, పండుగ మాత్రం ఆమెకి రాలేదు. ఎందుకంటే నేను నా తీరికని బట్టి ఇచ్చాను. అప్పటి నుంచి మా ఇంట్లో ఇచ్చేవన్నీ పండుగకి ముందే అయిపోతాయి.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకి జవాబు: చీర పెట్టాలనుకుంటే ఈ వారంలోనే పెట్టు. పండుగ పది, పదిహేను రోజులుందనగానే దర్జీలు కొత్త బట్ట పట్టుకోవడం మానేస్తారు, నీకూ తెలుసు. చీరతో పాటు ఫాల్, జాకెట్ కుట్టుకూలి కలిపి ఇవ్వు. కుట్టుకూలి ఇవ్వకపోతే మనం ఆమెకి ఖర్చు పెట్టినట్టే. ఆమె వయసు చూసి రంగు తీసుకో. "పనివాళ్ళకి పెట్టే చీరలు" అని దుకాణాల్లో ఒక కట్ట వేరే పెడతారు చూడు, దాని జోలికి పోకు. తక్కువ ధరదే తీసుకో, తప్పులేదు, కానీ నువ్వు కట్టుకోగలిగింది తీసుకో.

డబ్బే ఇస్తానంటే ఇంకా మంచిది. అదీ పండుగ నాడు వద్దు, పది రోజుల ముందు. సంక్రాంతికి సగం హైదరాబాద్ ఊరికి పోతుంది, ఆమె కూడా పోతుంది. బస్సు చార్జీలు, పిల్లలకి బట్టలు, ఊళ్ళో అత్తగారింటికి ఏదో ఒకటి పట్టుకుపోవడం, ఖర్చంతా పోయే ముందే. ఇంకో మాట. ఆమె నీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉంటే దాన్ని పండుగ డబ్బులో పట్టుకోకు. అప్పు లెక్క అప్పుదే, పండుగ లెక్క పండుగదే. రెండూ కలిపితే ఆమె చేతికి వచ్చేది ఖాళీ కవరు.

ఎంత అంటావా. మా ఇంట్లో దసరాకి అర నెల జీతం, సంక్రాంతికి చీర. కొందరు దసరాకి నెల జీతం పూర్తిగా ఇస్తారు. నీకు ఇంటి ఈఎంఐ ఉంది, ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి, నీ లెక్క నువ్వు చూసుకో. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, ఈ ఏడు ఇచ్చింది వచ్చే ఏడు తగ్గించలేవు. మొదటి ఏడాది ఉషారులో చెయ్యి జారితే ప్రతి ఏడూ టెన్షన్ పడాలి. కొంచెం తక్కువతో మొదలుపెట్టు, ఏటా కొంచెం పెంచు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. ఇస్త్రీ అన్న, పాల ప్యాకెట్లు వేసే పిల్లగాడు, చెత్త ఆటో తెచ్చే ఆయన, వాటర్ క్యాన్లు మోసేవాడు, వాచ్‌మన్. మీ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌కి అందరూ కలిపి ఇస్తారని చెప్పావు, సరే. కానీ మెట్లు ఊడ్చి కడిగేది ఆయన భార్య. అందరూ కలిపి ఇచ్చే కవరు మీద ఆమె పేరు ఉండదు. ఆమెకి నువ్వు వేరే ఇవ్వు, వంద రూపాయలైనా సరే, ఆమె చేతికే ఇవ్వు.

పాత బట్టలు ఇస్తే తప్పా అని కూడా అడుగుతావేమో. తప్పు లేదు, పండుగ కానుకలో కలపకు, అంతే. ఉతికి, గుండీలు కుట్టి, జిప్పు పని చేస్తుందో లేదో చూసి, మామూలు రోజున "మీ పిల్లలకి పనికొస్తాయా" అని అడిగి ఇవ్వు. అడగడం ముఖ్యం. వద్దనే వీలు ఆమెకి ఉండాలి.

ఇక సకినాలు. నువ్వు చేయగలవా అంటే, చేయగలవు, నీ మొదటి వాయి వంకర టింకరగా వస్తుంది. నాది ఇప్పటికీ మా అమ్మ చుట్టినంత సన్నగా రాదు.

కొత్త బియ్యం కావాలి. పాత బియ్యంతో చేస్తే పిండికి జిగురుండదు, చుడుతుంటేనే తెగిపోతుంది. కిలో చాలు నీకు. ముందు రోజు రాత్రి కడిగి నానబెట్టు. పొద్దున వడకట్టి, బట్ట మీద కాసేపు ఆరబోసి, తడి ఉండగానే గిర్నీకి పంపించు. అన్ని గిర్నీల్లో తడి పిండి పట్టరు, ముందే అడుగు. పండుగ దగ్గర పడితే అక్కడ డబ్బాల వరుస ఉంటుంది, అందుకే ఇప్పుడే చేయమంటున్నా. మిక్సీలో కూడా అవుతుంది, కొంచెం కొంచెంగా వేసి జల్లించుకోవాలి, ఓపిక కావాలి.

పిండిలో పావుకిలో నువ్వులు, కడిగి ఆరబెట్టినవి. రెండు చెంచాల వాము, అరచేతిలో నలిపి వెయ్యి. ఉప్పు. అంతే, ఇంకేం వద్దు. యూట్యూబ్‌లో కారం, జీలకర్ర, వెన్న అని ఏవేవో చెబుతున్నారు, వాటికి సకినాలని పేరు పెట్టడం నాకు నచ్చదు. నీళ్ళు ఒకేసారి పొయ్యకు. పిండి వేళ్ళ మధ్య నుంచి తాడులా జారాలి, కానీ చేతికి అంటుకోకూడదు. పొడిగా ఉంటే తెగుతుంది, పలచనైతే బట్టకి అతుక్కుంటుంది. కొంచెం పిండే కలుపు, మిగతాది తడిబట్ట కప్పి ఉంచు.

నేల మీద పాత కాటన్ చీర పరిచి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య పిండిని మెలి తిప్పుకుంటూ గుండ్రంగా మూడు నాలుగు చుట్లు. మా అమ్మ మొదట పిండితో చిన్న గౌరమ్మని చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాతే చుట్టడం మొదలుపెట్టేది. నేనూ అదే చేస్తాను. చుట్టినవి కాసేపు ఆరనివ్వు. అట్లకాడతో ఎత్తితే విరగకుండా లేవాలి, అదే గుర్తు. మరీ ఎండిపోతే నూనెలో పగుళ్ళు వస్తాయి, ఫ్యాను కింద పెట్టకు. వేయించేటప్పుడు మంట మధ్యస్తంగా. ఎర్రబడితే మాడినట్టే, తెలుపు పోయి లేత రంగు వచ్చి, నూనెలో బుడగలు తగ్గగానే తీసెయ్యి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో వెయ్యి. వేడి మీద మూత పెడితే మెత్తబడతాయి, ఇక వాటిని ఎవరూ ముట్టరు.

ఒక్కదానివే చుట్టాలనుకోకు. మా చిన్నప్పుడు ఊళ్ళో ఒకరింట్లో పిండి కలిపితే వాడంతా వచ్చి చుట్టేది. నీకు పక్క ఫ్లాట్ వాళ్ళున్నారు, పై అంతస్తు ఆమె ఉంది. పిలువు. చుట్టడం రానివాళ్ళు వేయిస్తారు. చిన్నదాన్ని కూడా అప్పుడు కూర్చోబెట్టు. నూనె దగ్గరికి రానివ్వకు, పిండి మాత్రం ఇవ్వు. పాములా చుట్టినా, పేరు రాసినా అనవద్దు, వేయించి దానికే పెట్టు. నీ నాలుగో ప్రశ్నకి జవాబు అదే.

డబ్బాల సంగతి. చిన్న స్టీలు డబ్బాలు బేగంబజార్‌లో తూకం లెక్కన ఇస్తారు. మీ మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి ఆటో తీసుకో. కారు మాత్రం తేకు, ఆ గల్లీల్లో మీ ఆయనకి పార్కింగ్ దొరకదు, ఇంటికొచ్చి నీ మీద అరుస్తాడు. నువ్వులు, ఎండుకొబ్బరి కూడా అక్కడే తెచ్చుకో. ప్లాస్టిక్ డబ్బాల్లో పంచితే వాళ్ళు పారేస్తారు. స్టీలు డబ్బా ఇస్తే తిరిగి వస్తుంది, వచ్చేటప్పుడు ఖాళీగా రాదు. ఎదురింటి నుంచి మనింటికి డబ్బా వస్తే నువ్వు కూడా ఖాళీగా పంపకు, ఏం లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి పంపు. మలక్‌పేటలో మా పక్కింటి వాళ్ళు రంజాన్‌కి షీర్ ఖుర్మా పంపే గిన్నె, మేం సంక్రాంతికి సకినాలు పంపే గిన్నె ఒకటే. అది అసలు ఎవరిదో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు.

డబ్బాలు పిల్లలతోనే పంపించు. పెద్దోడికి చెప్పు, వాచ్‌మన్ గదికి పోయి చెప్పులు విప్పి, రెండు చేతులతో ఇవ్వాలని. నువ్వు వెనక నిలబడి ఫోటోలు తియ్యకు.

ఇంక పెద్దోడి అన్నం గొడవ. పిల్లగాడు పెరిగే వయసులో ఉన్నాడు, ఆకలి లేక కాదు. సాయంత్రం బడి నుంచి రాగానే నువ్వు బిస్కెట్లు, చిప్స్ ఇస్తున్నావు, రాత్రికి కడుపులో చోటు లేదు. ఆ టైంకి సర్వపిండి పెట్టి చూడు. రెండు గ్లాసుల బియ్యప్పిండి, గంట నానబెట్టిన గుప్పెడు శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, జీలకర్ర, కారం, ఉప్పు. నీళ్ళతో ముద్దగా కలిపి, మందపాటి గిన్నెకి లోపలంతా నూనె రాసి చేత్తో పలచగా ఒత్తు. వేలితో అక్కడక్కడ బొక్కలు పెట్టి, ఒక్కోదాంట్లో నూనె చుక్క వేసి, మూత పెట్టి చిన్న మంట మీద వదిలెయ్యి. అడుగు ఎర్రగా కాలి, అంచులు తమంతట తామే ఊడొస్తాయి. అందరూ తప్పు చేసేది రెండోదానికి. గిన్నె వేడిగా ఉండగా పిండి ఒత్తబోతే చెయ్యి కాలుతుంది. రెండు గిన్నెలు పెట్టుకో, ఒకటి పొయ్యి మీద, ఒకటి చల్లారుతూ. శనగపప్పు పొద్దున ఆఫీసుకి పోయే ముందు నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సాయంత్రం వెతుక్కోనక్కర్లేదు.

రాత్రికి ముద్దపప్పు, పచ్చిపులుసు. కూర అక్కర్లేదు. నిమ్మకాయంత చింతపండు నాన్చి పిసికి నాలుగు గ్లాసుల పులుసు చెయ్యి. మూడు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి ఉప్పుతో నలుపు. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, వేయించి పొడి చేసిన నువ్వులు రెండు చెంచాలు, చిటికెడు బెల్లం. పైన ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకు తాలింపు. పులుసు మరిగించే పని లేదు కాబట్టి పది నిమిషాల్లో అయిపోతుంది. వాడు తినకపోతే నాకు ఫోన్ చెయ్యి. రెండో వంట మాత్రం వాడి కోసం చేయకు, నూడుల్స్ అడుగుతాడు, ఇవ్వకు. ఒక్క రాత్రి పెరుగన్నంతో పడుకుంటే ఏం కాదు.

పనామె ఊరికి పోయిన మూడు రోజులు గిన్నెలు ఎవరు తోముతారని నువ్వు అడగలేదు కానీ అడుగుతావు. ఆ మూడు రోజులూ పొద్దున ఒక్కసారే వండు. చింతపండు పులిహోర, పెరుగన్నం, ఎల్లిపాయ కారం. సకినాలు ఎలాగూ ఉంటాయి. మీ ఆయనకి స్క్రబ్బర్ ఎక్కడుందో చూపించు. మీ పెద్దనాన్నకి నేను చూపించడానికి పదిహేనేళ్ళు పట్టింది, నువ్వు అంత ఆగకు.

ఈ శనివారం నేను వస్తున్నా. మలక్‌పేటలో ఎక్కితే మీ మియాపూర్ దాకా రైలు మారే పని లేదు. శుక్రవారం రాత్రి బియ్యం నానబెట్టు, గిర్నీ ఎన్ని గంటలకి తెరుస్తాడో కనుక్కో. ఉతికిన పాత కాటన్ చీర ఒకటి తీసిపెట్టు, సిల్కుది కాదు. పనామె చీర కొనకపోతే చెప్పు, ఇద్దరం సాయంత్రం పోయి తెద్దాం. శనివారం దాటితే దర్జీ పట్టుకోడు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ