నంబర్లు చేత్తో టైప్ చేయకండి

ప్రశ్న: నా పీహెచ్‌డీ థీసిస్ 210 పేజీలు, 58 పటాలు. వర్డ్‌లో చేస్తున్నాను. గైడ్ గారు చెప్పారని రెండో అధ్యాయంలో ఒక గ్రాఫ్ చేరిస్తే ఆ తర్వాతి నంబర్లన్నీ తప్పాయి. బొమ్మ ఒక పేజీలో, క్యాప్షన్ ఇంకో పేజీలో పడుతోంది. నెలాఖరుకి ఇవ్వాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: నంబర్లు మీరే టైప్ చేసి ఉంటారు, చిక్కంతా అక్కడే. నా థీసిస్‌లోనూ అలాగే ‘పటం 3.7’ రెండుసార్లు పడింది. వైవాలో నేను దేని గురించి మాట్లాడుతున్నానో తెలియక పరీక్షకులు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పడం ఇప్పటికీ కళ్లముందే ఉంది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

ముందు ఫైలుకి ఒక కాపీ తీసి పెట్టుకోండి. అధ్యాయాల పేర్లకు ‘హెడింగ్ 1’ స్టైల్, దానికి మల్టీలెవెల్ నంబరింగ్ ఇవ్వండి. ఇది లేకపోతే ‘పటం 2.4’లో అధ్యాయాన్ని చెప్పే ఆ 2 రాదు. తర్వాత బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్సర్ట్ క్యాప్షన్’, అందులో నంబరింగ్‌కి వెళ్లి ‘ఇన్‌క్లూడ్ చాప్టర్ నంబర్’. వ్యాసంలో ‘పటం 2.4 చూడండి’ అన్నచోట కూడా అంకె టైప్ చేయకుండా ‘క్రాస్ రిఫరెన్స్’ పెట్టండి. చాలామంది క్యాప్షన్లు సరిచేసి దీన్ని వదిలేస్తారు. ఇక ఎక్కడ ఏ పటం చేర్చినా కంట్రోల్ ఎ, ఎఫ్9 నొక్కితే చాలు, నంబర్లన్నీ సర్దుకుంటాయి. పటాల జాబితా కూడా ఈ క్యాప్షన్ల నుంచే తయారవుతుంది.

బొమ్మను ‘ఇన్ లైన్ విత్ టెక్స్ట్’లో ఉంచి, ఆ పేరాకి ‘కీప్ విత్ నెక్స్ట్’ టిక్ పెట్టండి. క్యాప్షన్‌ని వదిలి పోదు. పట్టికలకు క్యాప్షన్ పైన ఉంటుంది కాబట్టి ఆ టిక్ క్యాప్షన్‌కే పెట్టాలి. బొమ్మ సన్నని చీలికలా కనిపిస్తే లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’లో ఉన్నట్టు, సింగిల్ చేయండి.

మీరు అడగకపోయినా ఒక మాట. ‘ఉష్ణోగ్రత గ్రాఫ్’ అని రాస్తే అది క్యాప్షన్ కాదు. ‘ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ నమూనా నిరోధం తగ్గిన తీరు. ప్రతి బిందువూ 5 కొలతల సగటు, నిలువు గీతలు ప్రామాణిక విచలనం’ అని రాయండి. థీసిస్ తెరవగానే చాలామంది బొమ్మలే ముందు చూస్తారు. వ్యాసం చదవకుండానే వాళ్లకి విషయం అందాలి.

పీడీఎఫ్ చేసే ముందు ఇంకోసారి ఎఫ్9 నొక్కి, ‘ఎర్రర్’ అనే మాట కోసం ఫైలంతా వెతకండి. క్యాప్షన్ తీసేసిన పటాన్ని ఎక్కడైనా ప్రస్తావించి ఉంటే అక్కడ ఆ మాటే పడి ఉంటుంది.